మూడు మాత్రలకీ లొంగని బీపీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో అడ్రినల్ గ్రంథుల గురించి నాలుగు మాటలు రాశాను. రెండు కిడ్నీల పైన ఒక్కొక్కటి చొప్పున ఉండే ఈ చిన్న గ్రంథుల్లో ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్ తయారవుతుందనీ, అది అతిగా ఊరితే బీపీ పెరుగుతుందనీ, అలాంటి బీపీకి కారణం ఒక రక్తపరీక్షతో వెతికి పట్టుకోవచ్చనీ రాస్తే ఊహించనన్ని ఉత్తరాలు వచ్చాయి. చాలామంది అడిగింది ఒకటే: "ఇన్నేళ్ల నుంచి మందులు వాడుతున్నాం, ఈ పరీక్ష ఒకటుందని మాకెవరూ చెప్పలేదేం?" అందుకే ఈ నెల మొత్తం ఇదే విషయం.

ప్రశ్న: నా వయసు 41. 33 ఏళ్లకే బీపీ మొదలైంది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ మూడూ వేసుకుంటున్నా 160/100 కంటే దిగట్లేదు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి, మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవాలి. రక్తపరీక్షలో పొటాషియం 3.1 వచ్చింది. టెన్షన్ తగ్గించుకోమన్నారు, కొబ్బరినీళ్లు తాగమన్నారు. ఇదంతా నిజంగా టెన్షన్ వల్లేనా డాక్టరు గారూ? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: అమ్మా, మీరు రాసిన ఆ నాలుగైదు వాక్యాల్లో టెన్షన్ కంటే గట్టి ఆధారాలు చాలా ఉన్నాయి. 40 దాటకముందే బీపీ రావడం ఒకటి. మూడు రకాల మందులు, అందులో ఒకటి (క్లోర్‌థాలిడోన్) నీరు పోయే మందు, సరైన మోతాదులో వాడుతున్నా దిగకపోవడం రెండోది. పొటాషియం 3.5 కంటే తగ్గడం మూడోది. ఇక్కడ ఒక మాట చెప్పాలి, క్లోర్‌థాలిడోన్ కూడా పొటాషియాన్ని తగ్గిస్తుంది కాబట్టి తప్పంతా హార్మోన్ మీదే వేసేయలేం. కానీ ఆ మందు మొదలుపెట్టాక పొటాషియం ఇంత దిగిందంటే, లోపల ఆల్డోస్టెరోన్ ఎక్కువగా ఉందేమో చూడాల్సిందే. పిక్కలు పట్టేయడం, రాత్రిళ్లు మూత్రానికి లేవడం పొటాషియం తగ్గితే వచ్చేవే. షుగర్ లేదని పరీక్ష చేయించుకునే ఉంటారనుకుంటున్నాను, లేకపోతే అదీ చూపించుకోండి.

అసలు లోపల జరిగేది చెప్తాను. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గినా, కిడ్నీకి వెళ్లే రక్తం ఒత్తిడి పడిపోయినా కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని వల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ తయారై, అది రక్తనాళాలను బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథికి వెళ్లి ఆల్డోస్టెరోన్ వదలమంటుంది. ఆల్డోస్టెరోన్ మళ్లీ కిడ్నీ దగ్గరకే వచ్చి సోడియాన్ని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది, బదులుగా పొటాషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. సోడియం నిలిస్తే నీరు నిలుస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. పెరగ్గానే కిడ్నీ రెనిన్ ఆపేస్తుంది, ఆల్డోస్టెరోన్ కూడా తగ్గాలి. కొందరిలో తగ్గదు. ట్యాంకు నిండి పొంగిపోతున్నా ఆగని మోటారులాగా అడ్రినల్ గ్రంథి తనంతట తాను ఆల్డోస్టెరోన్ వదులుతూనే ఉంటుంది. రెనిన్ అడుగంటి, ఆల్డోస్టెరోన్ మాత్రం ఎక్కువగా ఉంటుంది. దీన్నే ప్రైమరీ ఆల్డోస్టెరోనిజం అంటారు, కాన్ సిండ్రోమ్ అని కూడా అంటారు.

ఇది ఎక్కడో లక్షమందిలో ఒకరికి వచ్చే జబ్బు కాదమ్మా. బీపీ ఉన్నవాళ్లలో 100కి 5 నుంచి 10 మందికి ఉంటుందని వేర్వేరు దేశాల్లో చూశారు, మీలాగా మూడు మందులకీ లొంగని వాళ్లలో అయితే అయిదుగురిలో ఒకరి దాకా. మన దేశంలో బీపీ ఉన్నవాళ్లు 31 కోట్ల మందికి పైగా అని ఐసీఎంఆర్ వాళ్ల పెద్ద సర్వే 2023లో తేల్చింది. అందులో 5 శాతం అనుకున్నా కోటిన్నర మంది. వాళ్లలో ఎంతమందికి ఈ పరీక్ష రాసి ఉంటారు? నాకు ఈ విషయంలో నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఒకే బీపీ ఉన్న ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఆల్డోస్టెరోన్ ఎక్కువున్న మనిషికి పక్షవాతం, గుండె లయ తప్పడం, కిడ్నీ దెబ్బతినడం ఎక్కువగా వస్తాయి. ఆ హార్మోన్ బీపీతో సంబంధం లేకుండా కూడా గుండెనీ రక్తనాళాలనీ పాడుచేస్తుంది. టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపేస్తే ఆ నష్టం ఆగదు.

కొబ్బరినీళ్లు మీకిప్పుడు చెడు చేయవు, కానీ అడుగున కారణం అలాగే ఉంటుంది. మీ డాక్టరు గారిని మర్యాదగానే, గట్టిగానే అడగండి: "ఆల్డోస్టెరోన్, రెనిన్ పరీక్ష రాస్తారా?" అని. ఆయనకు వీలుకాకపోతే ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, దగ్గరకు పంపమనండి.

ప్రశ్న: మా నాన్నగారి రిపోర్టులో "కాన్ సిండ్రోమ్?" అని ప్రశ్నార్థకంతో రాశారు. నేను బీఫార్మసీ చదువుతున్నాను. మా పుస్తకంలో ఆ పేరుకి ఒక్క లైనే ఉంది. ఈ కాన్ ఎవరు, దీన్ని ఎలా కనిపెట్టారు? (ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా, ఒక్క లైనులో వదిలేయాల్సిన మనిషి కాదాయన.

జెరోమ్ కాన్ 1907లో న్యూయార్క్‌లో పుట్టారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరు చదువు పూర్తిచేసి అక్కడే, ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో, పరిశోధన చేస్తూ ఉండిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. అమెరికా సైనికులు పసిఫిక్ దీవుల ఉక్కలో పోరాడాలి. ఆ వేడికి మనిషి ఒళ్లు ఎలా అలవాటుపడుతుందో తేల్చమని సైన్యం అడిగింది. కాన్ బృందం వేడీ తేమా పెంచిన గదిలో మనుషుల్ని ఉంచి వాళ్ల చెమట, మూత్రం, ఉమ్మి అన్నీ పరీక్షించింది. కొద్ది రోజులకే చెమటలో ఉప్పు బాగా తగ్గిపోయింది. అంటే ఒళ్లు ఉప్పును దాచుకోవడం మొదలుపెట్టింది. చెమట గ్రంథి, కిడ్నీ, లాలాజల గ్రంథి ఒకేసారి ఒకే పని చేస్తున్నాయంటే వాటన్నిటికీ కబురు వెళ్లే చోటు ఒకటి ఉండాలి, అది అడ్రినల్ గ్రంథే అయ్యుండాలి, అక్కడి నుంచి ఉప్పును ఆపే హార్మోన్ ఏదో వస్తోంది అని ఆయన ఊహించారు. ఆ హార్మోన్‌కి అప్పటికి పేరు కూడా లేదు.

పేరు లండన్ నుంచి వచ్చింది. మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో సిల్వియా సింప్సన్, జేమ్స్ టైట్ అనే ఇద్దరు, స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్తలతో కలిసి, వందల కిలోల పశువుల అడ్రినల్ గ్రంథుల్ని వడగట్టి వడగట్టి కొన్ని మిల్లీగ్రాముల స్వచ్ఛమైన పదార్థాన్ని 1953లో విడదీశారు. మొదట ఎలక్ట్రోకార్టిన్ అన్నారు, తర్వాత ఆల్డోస్టెరోన్ అయింది. సిల్వియా, జేమ్స్ తర్వాత పెళ్లి చేసుకుని జీవితాంతం కలిసే పనిచేశారు.

ఇక 1954 ఏప్రిల్. కాన్ దగ్గరకు 34 ఏళ్ల ఒక స్త్రీ వచ్చింది. ఏడేళ్లుగా ఉన్నట్టుండి కాళ్లల్లో సత్తువ పోయి నడవలేకపోవడం, చేతులు కొంకర్లు పోవడం. బీపీ ఎక్కువ. పొటాషియం మరీ తక్కువ. అంత ఉప్పు ఒంట్లో నిలిచి ఉంటే కాళ్ల వాపు ఉండాలి కదా, అదీ లేదు. ఇలాంటి మనిషిని చూసి వేరే డాక్టరైతే ఏమనుకునేవారో గానీ, కాన్ ఆమె చెమట పరీక్షించారు. యుద్ధకాలంలో ఆ పని ఏళ్ల తరబడి చేసిన మనిషి కాబట్టే ఆ ఆలోచన వచ్చింది. చెమటలో ఉప్పు లేనట్టే ఉంది. వేడి గదిలో వారాల తరబడి ఉన్న మనిషి చెమటలాగా ఉంది, కానీ ఈమె ఏ వేడిలోనూ లేదు! మరి ఆమె అడ్రినల్ గ్రంథి ఎవరూ అడక్కుండానే ఆ హార్మోన్‌ని వదులుతోందన్నమాట.

ఆమెను ఆసుపత్రి పరిశోధన వార్డులో నెలల తరబడి ఉంచి, లోపలికి వెళ్లే ఆహారం, బయటికి వచ్చే మూత్రం తూచి తూచి లెక్కగట్టారు. ఆమె ఎంత ఓపికపట్టిందో ఆలోచించు. అక్టోబరు చివర్లో చికాగోలో ఒక వైద్య సంఘం సభలో అధ్యక్షోపన్యాసం చేస్తూ కాన్ ఇది కొత్త జబ్బు అని ప్రకటించి, ప్రైమరీ ఆల్డోస్టెరోనిజం అని పేరు పెట్టారు. అప్పటికింకా ఆపరేషన్ జరగలేదు. ఇప్పటిలాగా సీటీ స్కాన్లు లేవు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు. చెమట, మూత్రం లెక్కల మీద నమ్మకంతో అంతమంది పెద్ద డాక్టర్ల ముందు నిలబడి ఆ మాట అన్నారు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే మొదలైంది.

డిసెంబరులో ఆపరేషన్. రెండు అడ్రినల్ గ్రంథులూ తీసేయాలని ముందు అనుకున్నారు, అలా తీస్తే జీవితాంతం హార్మోన్ మాత్రల మీదే బతకాలి. సర్జన్ విలియం బామ్ కుడివైపు తెరిచి చూస్తే నాలుగు సెంటీమీటర్ల కణితి కనిపించింది. దాన్ని తీసేసి, ఎడమ గ్రంథిని ముట్టుకోకుండా వదిలేశారు. ఆమె పొటాషియం సర్దుకుంది, బీపీ దిగింది, కొంకర్లు పోయాయి. 1955 జనవరిలో ఇదంతా అచ్చయింది.

ఇంకొకరి పేరు కూడా చెప్పాలి. పోలండ్‌లో మిఖాల్ లిటిన్‌స్కీ అనే డాక్టరు 1953లోనే అడ్రినల్ కణితుల వల్ల వచ్చిన బీపీ కేసులను రాశారు. పోలిష్ భాషలో రాయడంతో బయటి ప్రపంచానికి తెలియలేదు. ఆయన పేరు కూడా గుర్తుపెట్టుకో.

ఇక్కడితో కథ సుఖాంతం అయిందనుకుంటే పొరపాటు. కాన్ ఆగలేదు. పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లలో కూడా ఈ జబ్బు ఉండొచ్చని 1965లో చూపించారు, కారణం తెలియని బీపీ అని రాసిపెట్టిన వాళ్లలో 20 శాతం దాకా ఇదే అయ్యుండొచ్చని అన్నారు. తోటివాళ్లు ఒప్పుకోలేదు. మేం వెతికితే 1 శాతం కూడా దొరకట్లేదే అన్నారు. దొరకదు మరి, పొటాషియం తగ్గినవాళ్లలోనే వెతికితే! ఈ జబ్బున్న వాళ్లలో ఎక్కువమందికి పొటాషియం మామూలుగానే ఉంటుందని ఇప్పుడు మనకు తెలుసు. దాదాపు 30 ఏళ్లు వైద్య పుస్తకాలు దీన్ని అరుదైన జబ్బుల జాబితాలోనే ఉంచాయి, మీ పుస్తకంలో ఒక్క లైను ఉండటానికి మూలం కూడా అదే. 1981లో జపాన్ డాక్టర్లు ఆల్డోస్టెరోన్‌ని రెనిన్‌తో భాగించి చూసే పద్ధతి చూపించారు. దాన్ని పట్టుకుని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రిచర్డ్ గోర్డన్ బృందం 1990ల మొదట్లో పొటాషియం ఎంతున్నా సరే బీపీ ఉన్నవాళ్లని పరీక్షించడం మొదలుపెడితే కేసులు వరసగా బయటపడ్డాయి. కాన్ 1994లో చనిపోయారు. ఆయన మాట వైపు గాలి మళ్లడం అప్పుడే మొదలైంది.

ఆ తర్వాత 2011లో యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం ఈ కణితుల్లో చాలావాటికి ఒక జన్యువులో వచ్చిన చిన్న మార్పే కారణమని చూపించింది. కణంలో పొటాషియం వెళ్లే దారి పాడై, సోడియం లోపలికి చొరబడి, ఆ కణం ఆగకుండా ఆల్డోస్టెరోన్ తయారుచేస్తుందట. ఫార్మసీ చదువుతున్నావు కాబట్టి ఆ జన్యువు పేరు కేసీఎన్‌జే5 అని రాసుకో, పై చదువుల్లో పనికొస్తుంది. నాన్నగారి రిపోర్టులో ఆ ప్రశ్నార్థకం పెట్టిన డాక్టరు గారు ఆలోచించే మనిషి, ఆయన్ని వదులుకోకండి.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని. పరీక్ష చేయించుకుందామంటే ల్యాబ్‌లో ఒకరు బీపీ గోలీలన్నీ నెలరోజులు ఆపి రమ్మన్నారు, ఇంకొకరు ఏమీ అక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: మాస్టారూ, మీ అంతట మీరు ఒక్క గోలీ కూడా ఆపకండి. ఇది అన్నిటికంటే ముందు మాట. నెలరోజులు మందులు లేకుండా ఉంటే పరీక్ష సంగతి దేవుడెరుగు, పక్షవాతం రావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. కొన్ని మందులు లెక్కను తారుమారు చేసే మాట నిజమే. మెటోప్రోలాల్ లాంటివి రెనిన్‌ని తగ్గించి, లేని జబ్బు ఉన్నట్టు చూపించగలవు. టెల్మిసార్టాన్, రామిప్రిల్, నీరు పోయే మందులు రెనిన్‌ని పెంచి, ఉన్న జబ్బును దాచేయగలవు. ఆల్డోస్టెరోన్‌ని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ అయితే అన్నిటికంటే ఎక్కువ గందరగోళం చేస్తుంది, దాన్ని ఆపాల్సి వస్తే నాలుగు వారాల ముందు ఆపాలి, అదీ డాక్టరు చూస్తూ ఉండగానే. కానీ దీన్నే తిప్పి ఆలోచించండి: టెల్మిసార్టాన్ వాడుతున్న మనిషికి రెనిన్ పెరగాలి కదా, అయినా అడుగంటి ఉందంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అందుకే మొదటిసారి మందులు వాడుతుండగానే పరీక్ష చేసి చూడటం ఇప్పుడు మామూలైంది. ఫలితం అటూఇటూగా వస్తే అప్పుడు డాక్టరు మందులు మార్చి మళ్లీ చేయిస్తారు. హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ వాళ్లు 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయడం మంచిదని రాశారు. కాన్ చెప్పిన 70 ఏళ్లకు!

పరీక్షకు ముందు రోజుల్లో ఉప్పు మరీ తగ్గించకండి, పొటాషియం తక్కువుంటే ముందు దాన్ని సరిచేయించుకోండి. పొద్దున లేచి ఓ రెండు గంటలు తిరిగాక, పది పదిహేను నిమిషాలు కూర్చుని రక్తం ఇవ్వాలి. తిన్నా ఫర్వాలేదు. ఆల్డోస్టెరోన్, రెనిన్ రెండూ ఒకే రక్తంలో చూడాలి, ఒక్కటే చేయించుకుంటే డబ్బు దండగ. పాత వాడుకలో ఉన్న పొటాషియం ఒక్కటే చూసి "మామూలుగా ఉంది, మీకేం లేదు" అనే పద్ధతి సరిపోదని పైన రాశాను కదా.

ప్రశ్న: నేను సంగీతం నేర్పుతాను. గొంతు కోసం అతిమధురం వేరు రోజూ నములుతాను, కషాయం కూడా తాగుతాను. ఈ మధ్య బీపీ పెరిగింది, పొటాషియం తగ్గింది. ఆల్డోస్టెరోన్ పరీక్ష చేస్తే తక్కువ వచ్చింది! ఏమిటీ విచిత్రం? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: విచిత్రమేమీ లేదమ్మా, మీ ప్రశ్నలోనే జవాబుంది. అతిమధురం మానేయండి, ఈ రోజు నుంచే.

మన ఒంట్లో కార్టిసాల్ అని ఇంకో హార్మోన్ ఉంది. అది ఆల్డోస్టెరోన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తిరుగుతూ ఉంటుంది, కిడ్నీలో ఆల్డోస్టెరోన్ కూర్చునే చోట ఇదీ కూర్చోగలదు. కూర్చోకుండా కిడ్నీలో ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు పనికిరాకుండా చేస్తుంది. అతిమధురంలో తీపినిచ్చే గ్లిసరైజిక్ ఆమ్లం ఆ ఎంజైమును పనిచేయనివ్వదు. ఇక కార్టిసాలే ఆల్డోస్టెరోన్ పని చేసేస్తుంది: ఉప్పు నిలుస్తుంది, పొటాషియం పోతుంది, బీపీ పెరుగుతుంది. ఒంట్లో ఉప్పు నిండుగా ఉంది కాబట్టి రెనిన్, ఆల్డోస్టెరోన్ రెండూ పడిపోతాయి. మీ రిపోర్టు అదే చెప్తోంది. హాలండ్‌లో రెవర్స్ అనే డాక్టరు 1940ల్లోనే కడుపులో పుండ్లకు అతిమధురం ఇచ్చిన రోగులకు ఒళ్లు వాచడం గమనించారు. పై జవాబులో చెప్పిన జెరోమ్ కాన్ కూడా 1968లో అతిమధురం వల్ల వచ్చిన ఇలాంటి కేసు గురించి రాశారు.

పెద్దలు వాడిన మూలిక కదా, చెడు ఎలా చేస్తుంది అని మీకు అనిపించవచ్చు. దగ్గు వచ్చినప్పుడు నాలుగు రోజులు చప్పరించడం వేరు, నెలల తరబడి రోజూ కషాయం తాగడం వేరు. మానేశాక కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఈలోగా పొటాషియం మళ్లీ చూపించుకోండి, మరీ తగ్గితే గుండె లయ దెబ్బతింటుంది. గొంతుకి వేడినీళ్లు చాలు. మీ శిష్యులకు కూడా చెప్పండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఆల్డోస్టెరోన్ ఎక్కువని తేలింది, మాత్రలు మొదలుపెట్టారు. అమ్మ పంపే ఆవకాయ, గోంగూర పచ్చడి మానాల్సిందేనా? హార్మోన్ వల్ల వచ్చిన జబ్బుకి ఉప్పుతో పనేంటి? (ఒక పాఠకుడు)

జవాబు: పని ఉంది బాబూ, చాలా ఉంది. అమెజాన్ అడవుల్లో యానోమామి అని ఒక జాతి ఉంది. వాళ్లు బయటి ఉప్పు వాడరు. 1970ల్లో పరిశోధకులు వెళ్లి చూస్తే వాళ్లలో రెనిన్, ఆల్డోస్టెరోన్ మనకంటే బాగా ఎక్కువగా ఉన్నాయి, అయినా బీపీ తక్కువ, వయసుతో పాటు పెరగడం కూడా లేదు. ఉప్పు లేని చోట ఆ హార్మోన్ ప్రాణం నిలబెడుతుంది, అది పుట్టిందే అందుకు. దానికి ఉప్పు తోడైనప్పుడే గుండెకీ రక్తనాళాలకీ చేటు. ఆల్డోస్టెరోన్ అతిగా ఊరుతూ ఉంటే మీరు తిన్న ఉప్పు బయటికి పోదు, కాబట్టి మామూలు మనుషుల కంటే మీకే ఉప్పు ఎక్కువ హాని చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే ఒక చిన్న చెంచాడు, కూరల్లో, పెరుగన్నంలో, బయట తినేవాటిలో అన్నీ కలిపి. పచ్చడి ఎప్పుడైనా నాలిక మీద రాసుకునేంత అయితే ఫర్వాలేదు, రోజూ ముద్దముద్దకీ నంజుకుంటే మాత్రం మీ మాత్రలు ఓడిపోతాయి. అమ్మగారికి ఈ సంగతి నేను చెప్పానని చెప్పండి, ప్రేమ తగ్గించమనట్లేదు, ఉప్పు తగ్గించి పెట్టమనండి. చిన్న జాడీల్లో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే నిలుస్తాయి.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. దుకాణాల్లో దొరికే "లో సోడియం" ఉప్పులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. మీ మాత్ర స్పైరనోలాక్టోన్ అయితే అది పొటాషియాన్ని నిలబెడుతుంది, దాని మీద ఈ ఉప్పు, కొబ్బరినీళ్లు కూడా తోడైతే పొటాషియం ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు మరీ. మొదలుపెట్టిన వారం, నెల, తర్వాత అప్పుడప్పుడూ పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోవాలి.

ప్రశ్న: మా అమ్మకి 52. ఆల్డోస్టెరోన్ జబ్బు ఖాయమైంది. సీటీలో ఎడమ అడ్రినల్ మీద చిన్న గడ్డ కనిపించింది. మళ్లీ రక్తనాళాల్లోకి గొట్టం వేసి ఇంకో పరీక్ష చేయాలంటున్నారు. గడ్డ కనిపిస్తూనే ఉంది కదా, నేరుగా ఆపరేషన్ చేసేస్తే పోదా? కేన్సరేమోనని అమ్మ భయపడుతోంది. (ఒంగోలు నుంచి ఒక కొడుకు)

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి, ఈ చిన్న గడ్డల్లో కేన్సర్ చాలా అరుదు.

రెండో పరీక్ష ఎందుకంటే, వయసుతో పాటు అడ్రినల్ మీద ఏ హార్మోనూ వదలని గడ్డలు చాలామందికి వస్తాయి. ఎడమవైపు గడ్డ కనిపించినా హార్మోన్ కుడివైపు నుంచి రావచ్చు, లేదా రెండు వైపుల నుంచీ రావచ్చు. రెండు వైపులా అయితే ఆపరేషన్‌తో లాభం లేదు, మందులే. అందుకని తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, రెండు అడ్రినల్ సిరల నుంచీ విడివిడిగా రక్తం తీసి పోల్చి చూస్తారు. కుడివైపు సిర చాలా పొట్టిగా ఉంటుంది, దొరకబుచ్చుకోవడం కష్టం. కాబట్టి ఈ పని తరచూ చేసే చోటే చేయించండి, హైదరాబాదో వెల్లూరో వెళ్లాల్సి వచ్చినా సరే. తప్పు గ్రంథిని తీసేస్తే తిరిగి పెట్టలేం.

ఒకే వైపని తేలితే పొట్ట మీద చిన్న రంధ్రాలతో ఆ గ్రంథిని తీసేస్తారు, రెండో గ్రంథి పని సరిపోతుంది. ఫలితం గురించి ముందే తెలుసుకోండి, లేకపోతే నిరాశ పడతారు. పలు దేశాల కేసులను కలిపి 2017లో చేసిన పరిశీలనలో హార్మోన్ లెక్కలు 94 శాతం మందిలో పూర్తిగా సర్దుకున్నాయి, కానీ మందులే లేకుండా బీపీ మామూలైంది 37 శాతం మందికి. ఇంకో సగం మందికి దాకా బీపీ బాగా దిగడమో, మందులు తగ్గడమో జరిగింది. ఆడవాళ్లకీ, చిన్న వయసువాళ్లకీ, బీపీ వచ్చి ఎక్కువ కాలం కానివాళ్లకీ, తక్కువ మందులు వాడేవాళ్లకీ ఫలితం బాగుంటుంది. ఏళ్ల తరబడి ఒత్తిడికి రక్తనాళాలు గట్టిపడిపోతే గ్రంథి తీసినా అవి వెనక్కి రావు. ఆలస్యం వల్ల పోయేది అదే, అందుకే పరీక్ష తొందరగా చేయమని నేను పదే పదే రాస్తున్నాను.

ప్రశ్న: స్పైరనోలాక్టోన్ వాడుతున్నాను. పదేళ్ల తర్వాత మొదటిసారి నా బీపీ 130 లోపు వచ్చింది. కానీ ఛాతీ దగ్గర వాపు, నొప్పి. సిగ్గుతో డాక్టరుకి చెప్పలేక మాత్ర మానేశాను. మళ్లీ 170. ఏం చేయాలి? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: సిగ్గుపడాల్సిందేమీ లేదండీ. ఆ మందు 1950ల చివర్లో ఆల్డోస్టెరోన్‌ని అడ్డుకోవడానికే తయారైంది, కానీ మగ హార్మోన్ పనిని కూడా కొంత అడ్డుకుంటుంది. అందుకే కొందరు మగవాళ్లలో ఛాతీ వాస్తుంది, మోతాదు పెరిగేకొద్దీ ఎక్కువ. ఇలా వస్తుందని మందు రాసేటప్పుడే చెప్పాలి.

మీకు ఈ మందు అంత బాగా పనిచేయడం మాత్రం మంచి కబురు. 2015లో బ్రిటన్‌లో బ్రయన్ విలియమ్స్, మోరిస్ బ్రౌన్ బృందం మూడు మందులకీ లొంగని బీపీకి నాలుగో మందుగా ఏది మంచిదో పోల్చి చూస్తే, బైసోప్రోలాల్, డాక్సజోసిన్ రెండిటికంటే స్పైరనోలాక్టోనే చాలా ముందుంది. అంటే మొండి బీపీల వెనక చాలాసార్లు ఈ ఉప్పు, ఆల్డోస్టెరోన్ వ్యవహారమే ఉంటోందన్నమాట.

మీకు దారి ఉంది. ఎప్లెరెనోన్ అనే మందు అదే పని చేస్తుంది, ఛాతీ వాపు చాలా అరుదు. ధర ఎక్కువ, రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ఆల్డోస్టెరోన్ తయారీనే ఆపే కొత్త మందుల మీద కూడా పెద్ద పరీక్షలు జరిగాయి, బాక్స్‌డ్రోస్టాట్ వాటిలో ఒకటి, ఫలితాలు 2025లో వచ్చాయి, బాగున్నాయి. అవి వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు, 170తో అసలు ఉండకూడదు. ఈ వారంలోనే మీ డాక్టరు గారిని కలవండి. నోటితో చెప్పడం కష్టమనిపిస్తే ఈ పేజీ చింపి తీసుకెళ్లి చేతిలో పెట్టండి, ఎప్లెరెనోన్‌కి మార్చమని అడగండి. మరో మాట, మీకు ఆల్డోస్టెరోన్, రెనిన్ పరీక్ష ఎప్పుడైనా చేశారో లేదో మీ ఉత్తరంలో లేదు. చేయకపోతే అదీ అడగండి. మీరు స్పైరనోలాక్టోన్ మానేసి ఎన్ని వారాలైందో ఆయనకు తప్పకుండా చెప్పండి, పరీక్షకు అది కావాలి.